ఫ్యాన్ రెగ్యులేటర్‌తో కాలిన మోటారు: నిమిషానికి నాలుగు చుట్లు తిరిగే చువ్వ కథ

పర్లాకిమిడిలో మాది మోటార్ రీవైండింగ్ షాపు. పక్కనే పాతపట్నం కాబట్టి గిరాకీ సగం ఒడిశాది, సగం ఆంధ్రాది. నీళ్ల మోటార్లు, గ్రైండర్లు, పిండిమిల్లు మోటార్లు ఏడాది పొడవునా వస్తాయి. ఎండాకాలమైతే కూలర్లు. గత డిసెంబరులో వచ్చిన ఈ కేసు వాటిలో చేరదు. నిప్పుల మీద మాంసం గుచ్చిన చువ్వని మోటారుతో నెమ్మదిగా తిప్పాలని మొదలుపెట్టి మోటారు కాల్చుకున్నవాళ్లు ఆ తర్వాత కూడా ఇద్దరు వచ్చారు. అందుకే లెక్కలతో సహా మొత్తం రాసిపెడుతున్నాను.

కాశీనగర్ వెళ్లే రోడ్డులో ధాబా నడుపుతున్న కుర్రాడు గోనెసంచిలో చుట్టి ఒక మోటారు తెచ్చాడు. పావు హెచ్‌పీ, సింగిల్ ఫేజ్, 1440 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు), కెపాసిటర్ సాయంతో మొదలయ్యే కెపాసిటర్ స్టార్ట్ రకం. "అన్నా, కాయిలు కట్టేసి ఇయ్యి. ఎల్లుండికి ఆర్డరుంది, మేకపిల్లని నిప్పుల మీద తిప్పాల" అన్నాడు.

మూత విప్పగానే వాసన కొట్టింది. ఈ వృత్తిలో ఆ వాసనకి ముక్కు అలవాటు పడిపోతుంది కానీ కన్ను మాత్రం పడకూడదు. ఏ కాయిలు ఎంత కాలిందో చూస్తే మోటారు ఎలా చచ్చిందో తెలిసిపోతుంది. ఇక్కడ మోటారు తిరిగినంతసేపూ పనిచేసే రన్నింగ్ కాయిలు ముదురు గోధుమ రంగులోకి తిరిగింది, అంతే. మొదట్లో తిప్పి వదిలే స్టార్టింగ్ కాయిలు మాత్రం బొగ్గు. కట్టిన దారం వేలు తగిలితే పొడిపొడిగా రాలింది, స్లాట్‌లోని పేపరు గోటితో గీకితే ఊడి వచ్చింది. ఆ కాయిలుని తప్పించే సెంట్రిఫ్యూగల్ స్విచ్చి పాయింట్లు కరిగి, ఆవగింజంత ఇత్తడి గుండ్లు కట్టి ఉన్నాయి.

"దీన్ని స్లో చెయ్యడానికి ఏం పెట్టావు?" అని అడిగాను.

చెప్పకుండానే ఎలా తెలిసిందా అని ఆశ్చర్యపోయాడు. తర్వాత జరిగింది చెప్పాడు. మోటారుకి 2 అంగుళాల పుల్లీ, చువ్వకి 10 అంగుళాల పుల్లీ పెట్టి బెల్టు వేశాడు. చువ్వ నిమిషానికి 290 చుట్ల దాకా తిరిగింది. రాత్రంతా నానబెట్టిన పెరుగు మసాలా గోడల మీదా, రేకు మీదా, తన చొక్కా మీదా పడింది. పడక తప్పదు. ఆ వేగంలో ఇరుసుకి 12 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మసాలా ముద్దని బయటికి లాగే బలం దాని బరువుకి పదకొండు రెట్లుంటుంది. అప్పుడు ఎవరో ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టమని సలహా ఇచ్చారు. నాలుగో పాయింటు మీదా అంతే వేగం, మూడు మీదా అంతే. రెండు మీదకి తెచ్చేసరికి మోటారు గుర్రుమంది, చువ్వ ఊగి ఆగింది, పొగ వచ్చింది.

ఫ్యాన్‌కి పనిచేసింది దీనికెందుకు పనిచెయ్యలేదు

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. తప్పు అడిగినవాళ్లది కాదు. ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పితే నెమ్మదిస్తుంది కదా, మోటారంటే మోటారే కదా అనుకుంటారు.

ఈ కుర్రాడు తెచ్చిన రకాన్ని ఇండక్షన్ మోటారు అంటారు. దాని వేగాన్ని నిర్ణయించేది కరెంటు ఫ్రీక్వెన్సీ, కాయిళ్లు ఏర్పరచే అయస్కాంత ధ్రువాల (పోళ్ల) సంఖ్య. 50 హెర్ట్జ్‌ని 120తో గుణించి 4 పోళ్లతో భాగిస్తే 1500. లోపల తిరిగే భాగం, అంటే రోటరు, దానికి కొంచెం వెనకపడి 1440 దగ్గర తిరుగుతుంది. ఈ లెక్కలో ఓల్టేజీ ఎక్కడా లేదు. ఓల్టేజీ తగ్గిస్తే తగ్గేది టార్కు (తిప్పే బలం), అదీ వర్గం లెక్కన. సగం ఓల్టేజీ ఇస్తే పావు వంతు టార్కే మిగులుతుంది. లోడు తేలిగ్గా ఉన్నంతసేపు మోటారు దాదాపు అదే వేగంతో తిరుగుతూనే ఉంటుంది, ఒక హద్దు దాటగానే ఒక్కసారిగా కూలబడుతుంది. ఈ కుర్రాడు చూసింది అచ్చంగా అదే.

ఫ్యాన్ సంగతి వేరు. వేగం సగమైతే గాలి రెక్కల్ని అడ్డుకునే బలం పావుకి పడిపోతుంది. టార్కు తగ్గినా లోడు అంతకన్నా తేలికవుతుంది కాబట్టి ఫ్యాన్ తక్కువ వేగం దగ్గర నిలదొక్కుకుంటుంది. పైగా దాని రోటర్ని ఆ పని కోసమే తయారుచేస్తారు. చువ్వకి గుచ్చిన మేకపిల్ల బరువు వేగాన్ని బట్టి తగ్గదు. నెమ్మదిగా తిప్పినా గట్టిగా తిప్పినా దాన్ని పైకెత్తడానికి అదే టార్కు కావాలి.

ఇక్కడ ఇంకో కారణం కూడా కలిసింది, మోటారుని చంపింది అదే. ఇలాంటి మోటార్లలో స్టార్టింగ్ కాయిలు రెండు మూడు సెకన్ల పని కోసం సన్నని తీగతో చుట్టినది. వేగం సుమారు 75 శాతానికి చేరగానే సెంట్రిఫ్యూగల్ స్విచ్చి దాన్ని లైన్లోంచి తప్పిస్తుంది. మోటారుని బలవంతంగా నెమ్మదింపజేస్తే ఆ స్విచ్చి మళ్లీ మూసుకుంటుంది. సెకన్ల పనికి కట్టిన కాయిలు నిమిషాల పాటు కరెంటు లాగుతుంది. స్టార్టింగ్ కాయిలు నల్లగా, రన్నింగ్ కాయిలు గోధుమగా కనబడితే నేను రెగ్యులేటర్ గురించి అడగడానికి కారణం ఇదే.

ఈ పాఠం నాకూ ఊరికే రాలేదు. షాపు పెట్టిన కొత్తలో వినాయక చవితి పందిట్లో విగ్రహం వెనక తిరిగే చక్రం కావాలంటే ఫ్యాన్ మోటారుకి రెగ్యులేటర్ పెట్టి ఇచ్చాను. ఖాళీ చక్రం బాగానే తిరిగింది. దానికి సీరియల్ బల్బులు, అట్టలు తగిలించగానే ఒకవైపు బరువెక్కి ఆగిపోయింది. పండగ పూట ఆ కుర్రాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి. అప్పటి నుంచి వేగం తగ్గించమని ఎవరొచ్చినా ముందు లోడు చూస్తాను, మోటారు తర్వాత.

ముందు చేత్తో తిప్పి చూశాం

ఎల్లుండి ఆర్డరుకి చేత్తోనే తిప్పుకోమన్నాను. ఆ రోజు నేనూ కొలతలకి ధాబాకి వెళ్లాను. అక్కడ ఒడియా పెద్దాయన ఒకరు వంట చేస్తారు, కుర్రాడు ఆయన్ని తాతా అంటాడు. ఆయన చిన్న పీట మీద కూర్చుని చువ్వ తిప్పుతుంటే నేను ఫోన్లో టైము పెట్టుకుని ఇరవై నిమిషాలు చూశాను. మాటల్లో ఉన్నా, బీడీ వెలిగించుకున్నా ఆయన చెయ్యి ఒక చుట్టుకి 14 నుంచి 16 సెకన్లు తీసుకుంది. అంటే నిమిషానికి నాలుగు.

ఎందుకంత కచ్చితంగా వస్తోందని అడిగితే మాంసం మీదకి వేలు చూపించాడు. కరిగిన కొవ్వు చుక్కై కిందకి వేలాడేలోపు ఆ వైపు పైకి వచ్చేస్తోంది, కొవ్వు మళ్లీ మాంసం మీదే పాకుతోంది. ఒకసారి నా కోసం కావాలని నెమ్మదించాడు. అర నిమిషంలోనే చుక్కలు నిప్పుల్లో పడి భగ్గున మంట లేచింది, ఆ వైపు నల్లబడింది. నాకు కావలసిన అంకె దొరికింది. 1440ని 4తో భాగిస్తే 360. ఒకటికి మూడువందల అరవై వంతుల తగ్గింపు.

రెండో కొలత టార్కు. చువ్వ చివర 30 సెంటీమీటర్ల ఇనుప పట్టీ బిగించి, బరువు వైపు అడ్డంగా వచ్చినప్పుడు పట్టీ చివరికి స్ప్రింగు కాటా తగిలించి లాగాను. ఒక కిలో చూపించింది. అంటే 30 కిలో-సెంటీమీటర్లు, సుమారు 3 న్యూటన్-మీటర్లు. మేకపిల్ల బరువు 12 కిలోలు కాబట్టి దాని బరువు కేంద్రం చువ్వకి రెండున్నర సెంటీమీటర్లు పక్కకి ఉందన్నమాట. నిమిషానికి నాలుగు చుట్ల వేగంలో ఈ టార్కుకి కావలసిన పవరు ఒకటింపావు వాట్లు! గేరుబాక్సు సగం తినేసినా మూడు వాట్లు దాటదు. కుర్రాడి పావు హెచ్‌పీ మోటారు 186 వాట్లది. బలానికి లోటన్నదే లేదు, ఆ బలాన్ని నెమ్మదిగా అందించే దారే లేదు.

ఏవేవి చూసి వద్దనుకున్నాను

కూలర్లో రెక్కల్ని ఊపే చిన్న సింక్రనస్ మోటారు నిమిషానికి నాలుగైదు చుట్లే తిరుగుతుంది, నేరుగా 230 ఓల్టుల మీద నడుస్తుంది. ఇంటి దగ్గర ఒక్క కోడికి సరిగ్గా బ్యాలెన్సు చేసి పెడితే దానితో లాగించవచ్చు. స్విచ్చి వేసినప్పుడల్లా ఏ వైపు తిరుగుతుందో చెప్పలేం కానీ కోడికి అదేం ఇబ్బంది కాదు. 12 కిలోలకి మాత్రం లోపలి ప్లాస్టిక్ పళ్లు ఆగవు.

కారు వైపర్ మోటారు మంచి వస్తువు. 12 ఓల్టుల డీసీ, లోపలే వార్మ్ గేరు (మరలాంటి కడ్డీ పళ్ల చక్రాన్ని తిప్పే గేరు) ఉంటుంది, తక్కువ స్పీడు మీద నిమిషానికి 45 చుట్ల దాకా. పర్మనెంట్ మాగ్నెట్ డీసీ మోటారు కాబట్టి ఓల్టేజీ తగ్గిస్తే వేగం నిజంగానే తగ్గుతుంది, టార్కు నిలబడుతుంది. పైన చెప్పిన జబ్బు దీనికి లేదు. సైకిలు చైను, వెనక 18 పళ్ల ఫ్రీవీలు, ముందు 48 పళ్ల చక్రం పెడితే 45 కాస్తా 17 అవుతుంది. కరెంటుని వేగంగా ఆపుతూ ఇస్తూ ఓల్టేజీ తగ్గించే పీడబ్ల్యూఎం కంట్రోలరుతో ఇంకా దించుకోవచ్చు. రెండు మూడు కోళ్లకి నేను ఇదే చెబుతాను. చాలా వైపర్ మోటార్లలో నెగటివ్ బాడీకి కలిసి ఉంటుంది, చట్రానికి బిగించేముందు అది చూసుకోవాలి. ఈ ధాబాకి దీన్నెందుకు వద్దన్నానంటే బ్యాటరీ చార్జింగు, కంట్రోలరు అన్నీ వంటవాళ్లు చూసుకోవలసినవి అవుతాయి. రోజూ నాలుగైదు గంటలు పొగలో నడవాల్సిన సరంజామాలో వస్తువులు ఎంత తక్కువుంటే అంత మంచిది.

అన్నీ పుల్లీలతోనే చెయ్యాలంటే ఆరు రెట్ల జతలు రెండు వేసినా 36 దగ్గరే ఆగుతాం, మూడు వేస్తే 216. స్థలం, బెల్టులు, బేరింగులు అన్నీ మూడింతలు. కుర్రాడు అడిగిన వీఎఫ్‌డీ (కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి వేగం మార్చే పరికరం) గురించి ఒక్క మాట: దానికి త్రీ ఫేజ్ మోటారు కావాలి, పైగా మోటార్ని మరీ తక్కువ ఫ్రీక్వెన్సీకి దించితే వెనకున్న సొంత ఫ్యాన్ నెమ్మదించి మోటారు వేడెక్కుతుంది.

కట్టిన విధానం

చివరికి తీసుకున్నది వార్మ్ గేరుబాక్సు. పాత సామాన్ల దుకాణంలో ప్లేటు చెరిగిపోయినది 1,800 రూపాయలకి దొరికింది. రేషియో తెలుసుకోవడానికి రెండు షాఫ్టుల మీదా సుద్దముక్కతో గీత పెట్టి ఇన్‌పుట్ షాఫ్టుని చేత్తో తిప్పుతూ లెక్కపెట్టాను. అరవయ్యో చుట్టుకి అవతలి గీత తిరిగి పైకి వచ్చింది. ఒకటికి అరవై. దానికి ముందు 2 అంగుళాల, 12 అంగుళాల పుల్లీలతో ఆరు రెట్లు. ఆరు అరవైలు మూడువందల అరవై. ఎ సెక్షన్ వీ బెల్టుకి 2 అంగుళాల పుల్లీ నిజానికి చిన్నది, 3 అంగుళాలుండాలి. లోడు ఇంత తక్కువ కాబట్టి పెట్టాను, బెల్టు తొందరగా పగులుతుందని కుర్రాడికి ముందే చెప్పాను.

ఆయిలు విషయంలో మెకానిక్కులు కూడా పొరపడతారు. వార్మ్ గేరు లోపలి చక్రం కంచుది. బండి వెనక ఇరుసు డిఫరెన్షియల్‌లో పోసే ఘాటైన ఈపీ (ఎక్కువ ఒత్తిడికి ఆగే) ఆయిల్లోని గంధకం కంచుని తినేస్తుంది. 460 గ్రేడు వార్మ్ గేరు ఆయిలు అడిగి తెప్పించి పోశాను.

చువ్వకి ధాబాలో ఉన్న జీఐ (గాల్వనైజ్డ్ ఇనుము) పైపు వాడదామన్నారు. దానికి ఒప్పుకోలేదు. ఆ పైపు మీదున్న పూత జింకు. పెరుగు, నిమ్మరసం పట్టించిన మాంసాన్ని దానికి గుచ్చితే జింకు మాంసంలోకి దిగుతుంది, నిప్పుకి మరీ కాగితే పొగై పీల్చినవాళ్లని జబ్బు చేస్తుంది. 304 స్టెయిన్‌లెస్ కడ్డీ 20 ఎంఎంది తీసుకున్నాం. 16 చాలదా అని బేరం పెట్టాడు. రెండు చివరల మధ్య 1.2 మీటర్ల దూరానికి, నడుమ 12 కిలోలకి లెక్కేస్తే 16 ఎంఎం కడ్డీ సుమారు 7 ఎంఎం వంగుతుంది, 20 అయితే 3 ఎంఎం లోపే. వేడికి ఆ వంపు అలాగే ఉండిపోతే తర్వాత ప్రతి చుట్టుకీ మాంసం ఊగుతుంది.

ఇక నేను ఎక్కువ ఆలోచించింది ఒక చిన్న పిన్ను గురించి. పావు హెచ్‌పీ మోటారు టార్కు 1.2 న్యూటన్-మీటర్లు. 360 రెట్లు చేసి సగం నష్టం తీసేసినా చువ్వ దగ్గర 200 దాటుతుంది. మీటరు పొడవు కర్ర చివర ఇరవై కిలోల పైగా వేలాడదీస్తే ఎంత బలమో అంత. తుండుగుడ్డ చుట్టుకున్నా, వేలు ఇరుక్కున్నా ఆ చువ్వ ఆగదు, అంత నెమ్మదిగానే లాగేస్తుంది. వేగం చూసి భయపడతాం గానీ నెమ్మదిగా తిరిగేదాన్ని పట్టించుకోం. అందుకని గేరుబాక్సు షాఫ్టుకీ చువ్వకీ మధ్య గొట్టం పెట్టి, రెంటినీ కలుపుతూ 3 ఎంఎం అల్యూమినియం తీగ ముక్కని పిన్నుగా వేశాను. లెక్క ప్రకారం 10 న్యూటన్-మీటర్ల దగ్గర తెగాలి. 30 సెంటీమీటర్ల పట్టీకి కాటా కట్టి లాగితే మూడున్నర కిలోల దగ్గర తెగింది, లెక్కకి సరిపోయింది. పది పిన్నులు కోసి డబ్బాలో పోసి ఇచ్చాను. మేకు మాత్రం వెయ్యొద్దని మూడుసార్లు చెప్పాను.

మోటారు, గేరుబాక్సు నిప్పులకి అరవై సెంటీమీటర్ల అవతల, మధ్యలో నిలువుగా రేకు. బెల్టుకి జాలీ మూత. చట్రానికి ఎర్తింగు, లైన్లో కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. చుట్టూ ఇనుము, తడి నేల, ఉప్పునీళ్ల చేతులు ఉన్నచోట ఇది లేకుండా స్విచ్చి ఇవ్వను. మోటారుకి రెండు కాయిళ్లూ కొత్తవి కట్టి, స్విచ్చి పాయింట్లు మార్చి, 500 ఓల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) చూసి బిగించాను.

మొదటి రాత్రి

ఖాళీ చువ్వతో పది చుట్లకి 149 సెకన్లు పట్టింది. నిమిషానికి నాలుగు. సాయంత్రం ఓల్టేజీ 175కి పడిపోయినప్పుడు కూడా అంతే. టార్కు 58 శాతానికి తగ్గుంటుంది కానీ మూడు వాట్ల పనికి అదేం లెక్క కాదు.

మేకపిల్లని గుచ్చాక కొత్త ఇబ్బంది బయటపడింది. ప్రతి చుట్టులోనూ బరువు వైపు పైకి నెమ్మదిగా ఎక్కి, శిఖరం దాటగానే ధబ్‌మని కొంత ముందుకి పడుతోంది. పాత గేరుబాక్సు కదా, పళ్ల మధ్య వదులు ఉంది. ఆ దెబ్బకి మాంసం చువ్వ మీద వదులవుతోంది. తాత అది చూసి, "ఎముక దగ్గర ఇప్పేస్తది బాబూ, గంటలో కింద పడిపోతది" అన్నాడు.

గేరుబాక్సు మార్చడం కాదు, బరువుని సరిచెయ్యడం పని. చువ్వని తీసి, సమానంగా పెట్టిన రెండు ఇనుప యాంగిళ్ల అంచుల మీద వదిలాం. బరువు వైపు దొర్లి కిందకి వచ్చి ఆగింది. దానికి సరిగ్గా ఎదురుగా, మాంసానికి దూరంగా చువ్వ చివర మరలు (థ్రెడ్డు) ఉన్న ఒక కడ్డీ బిగించి, దాని మీద కిలోన్నర ఇనుప బిళ్ల పెట్టి, నట్టుతో ముందుకీ వెనక్కీ జరిపాం. ఎక్కడ వదిలితే అక్కడ ఆగే దాకా జరిపి బిగించాం. కాటాతో మళ్లీ చూస్తే 30 ఉన్నది 6 కిలో-సెంటీమీటర్లకి దిగింది. ధబ్ శబ్దం పోయింది. ఈ పని కాలుతుండగా కూడా ఒకటి రెండుసార్లు చెయ్యాలి. నీరూ కొవ్వూ పోయి మాంసం తేలికవుతుంది, అన్ని వైపులా సమానంగా తేలికవదు.

రాత్రి తొమ్మిది దాటాక కరెంటు పోయింది. ఇంత తగ్గింపున్న వార్మ్ గేరుని చువ్వ వైపు నుంచి తిప్పలేం కాబట్టి మాంసం ఉన్నచోటే బిగుసుకుని నిలబడింది. దొర్లిపోకుండా ఉండటం మేలే కానీ కింది వైపు మాడుతుంది. కుర్రాడు గేరుబాక్సు పుల్లీ పట్టుకుని తిప్పబోయాడు. అక్కడ అరవైసార్లు తిప్పితే ఇక్కడ ఒక్క చుట్టు. నేను అల్యూమినియం పిన్ను లాగేశాను, అవతలి చివర పెట్టిన పిడితో తాత చువ్వని నేరుగా తిప్పాడు. నలభై నిమిషాలు అలాగే నడిచింది. బ్యాలెన్సు కుదిరింది కాబట్టి ఒంటి వేలితో తిప్పానని తర్వాత అందరికీ చూపించాడు.

మేకపిల్ల నాలుగున్నర గంటలు తీసుకుంది. మూడో గంటలో మోటారు బాడీ 52 డిగ్రీలు, గేరుబాక్సు 41. బయట 18 ఉన్న రాత్రి అది.

తర్వాత

జనవరిలో ఒక పిన్ను తెగింది. మాంసాన్ని చువ్వకి బిగించిన ముల్లు ఊడి చట్రానికి అడ్డం పడిందట. పిన్ను మార్చి ఐదు నిమిషాల్లో మళ్లీ మొదలుపెట్టారు. ఫిబ్రవరిలో నేను చెప్పినట్టే బెల్టు లోపలి వైపు పగుళ్లు వచ్చాయి, 3 అంగుళాల పుల్లీ వేసి బెల్టు మార్చాం. 12 అంగుళాలది అలాగే ఉంచాం కాబట్టి వేగం నిమిషానికి ఆరుకి పెరిగింది. కోళ్లకి బాగుంది కానీ మేకపిల్లకి తాతకి నచ్చలేదు. మళ్లీ నాలుగుకి దించాలంటే 12 బదులు 18 అంగుళాల పుల్లీ కావాలి, అది ఆ చట్రంలో పట్టదు, అందుకని ఆయన మాట మీద పాత 2 అంగుళాలదే తిరిగి బిగించి, బెల్టు నాలుగు నెలలకోసారి మార్చేలా ఒప్పుకున్నాం.

మార్చి ఆఖర్లో గేరుబాక్సు ఆయిలు దించాను. తెల్ల పళ్లెంలో పోసి ఎండలో వంచితే అడుగున సన్నటి కంచు మెరుపు, చిటికెడు కన్నా తక్కువ. వేలి మధ్య రుద్దితే గరుకు తగల్లేదు. అదే గ్రేడు ఆయిలు మళ్లీ పోసి, తేదీ గేరుబాక్సు మీద పెయింటుతో రాసి వచ్చాను.